మొహం చూసి మార్కులు!

ఇల్లు అద్దెకివ్వాలన్నా, ఉద్యోగమివ్వాలన్నా ముందు చూసేది మొహమే. చూడగానే 'మంచోడు', 'తేడాగా ఉన్నాడు' అని తేల్చేస్తాం. ఇంతకీ మొహం చెప్పేది నిజమేనా?

బెంగళూరు: మారతహళ్లి వెనక వీధుల్లో ఆదివారం పొద్దున్నే తిరిగితే ఓ దృశ్యం తప్పక కనబడుతుంది. గేటుకు 'టులెట్' బోర్డు. దాని ముందు ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. భుజాన బ్యాగు, చేతిలో ఫోను. లోపల్నుంచి ఇంటి యజమాని వస్తాడు. ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ ఊరు అని అడగకముందే ఓసారి పైనుంచి కింది దాకా చూస్తాడు. అడ్వాన్సు మాటలన్నీ ఆ తర్వాతే. గడ్డం పెరిగి, నిద్రలేక కళ్లు ఎర్రబడ్డవాడికి 'ఫ్యామిలీకి మాత్రమే ఇస్తాం' అన్న జవాబొస్తుంది. నుదుటన విభూతి పెట్టుకుని నవ్వుతూ నిలబడినవాడికి తాళంచెవి బయటికొస్తుంది. ఇద్దరూ ఒకే కంపెనీలో ఒకే జీతానికి పనిచేస్తూ ఉండొచ్చు. మొదటివాడు రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చి ఉండొచ్చు. అవన్నీ అడిగేదెవరు? మార్కులు అప్పటికే పడిపోయాయి.

ఇది ఒక్క యజమానుల జబ్బే అనుకుంటే పొరపాటు. మన మాటల్లోనే ఈ లెక్క ఇంకిపోయి ఉంది. 'మొహంలో కళ ఉంది' అంటాం. 'పిల్లికళ్లవాళ్లను నమ్మకూడదు' అంటాం. నుదురు విశాలంగా ఉంటే తెలివి, పెదవులు పలచగా ఉంటే పిసినారితనం. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని సామెతే కట్టాం. పెళ్లిచూపుల్లో పిల్లను చూసొచ్చిన పెద్దమ్మ కారెక్కుతూనే 'ఆ పిల్ల నెమ్మదస్తురాలే' అని తీర్పిచ్చేస్తుంది. ఆ పిల్ల నోరు విప్పింది రెండుసార్లే, అదీ కాఫీలో చక్కెర గురించి!

ఇప్పుడు ఈ పాత లెక్కకు కొత్త పేర్లు వచ్చాయి. ఐటీ కంపెనీల శిక్షణ తరగతుల్లో మనుషుల్ని పదహారు రకాలుగా విడగొట్టే ప్రశ్నపత్రం ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. అమెరికాలో క్యాథరీన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ కలిసి తయారుచేసింది. నాలుగేసి ఇంగ్లీషు అక్షరాల ఆ గుర్తులు టీమ్‌లో ముద్దుపేర్లలా తిరుగుతుంటాయి. ఆ ప్రశ్నలకు జవాబులు రాసి తెలుసుకున్న రకాన్నే మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలామంది గట్టిగా నమ్మరు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాయిస్తే ఎంతోమందికి రకం మారిపోతుంది. అలాంటిది ప్రశ్నల్లేకుండా ఫొటో చూసే 'వీడు ఫలానా రకం' అని చెప్పేయడం క్యాంటీన్‌లో కాలక్షేపంగా బాగానే ఉంటుంది. అదే కళ్లతో రేపు ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చుంటేనే చిక్కు!

రెప్పపాటులో తీర్పు

మొహం చూసి అంచనా వేయడానికి ఎంతసేపు పడుతుంది? అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జనైన్ విల్లిస్, అలెగ్జాండర్ తొదొరోవ్ దీన్ని కొలిచి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఎవరో తెలియని మనిషి ఫొటోను సెకనులో పదో వంతు కాలం చూపించి తీసేశారు. 'నమ్మదగినవాడేనా? సమర్థుడేనా? దూకుడు మనిషా?' అని అడిగారు. తాపీగా చూసినవాళ్లు ఏం చెప్పారో, తళుక్కున చూసినవాళ్లూ దాదాపు అదే చెప్పారు. ఎక్కువసేపు చూసినందువల్ల పెద్దగా పెరిగిందల్లా తమ తీర్పు మీద తమకున్న నమ్మకమే!

అంతకు ముందు ఏడాది తొదొరోవ్ బృందం చేసిన పరిశోధన ఇంకా గమ్మత్తైనది. అమెరికా సెనేట్ ఎన్నికల్లో గెలిచినవారివి, ఓడినవారివి ఫొటోలు పక్కపక్కన పెట్టి, వాళ్లెవరో తెలియనివారికి చూపించారు. 'ఇద్దరిలో సమర్థుడెవరు?' అని మాత్రమే అడిగారు. సమర్థుడిగా కనిపించినవాడే దాదాపు 70 శాతం పోటీల్లో గెలిచి ఉన్నాడు. 2009లో స్విట్జర్లాండ్‌లో జాన్ ఆంటొనాకిస్, ఒలాఫ్ డాల్గస్ దీన్ని పిల్లల మీద ప్రయోగించారు. ఫ్రాన్స్ ఎన్నికల్లో పోటీచేసినవారి ఫొటోలు చూపించి, 'మీరెక్కిన ఓడకు కెప్టెన్‌గా ఎవర్ని పెట్టుకుంటారు?' అని అడిగారు. ఐదేళ్ల పిల్లల దగ్గర్నుంచి ఎంచుకున్నవాళ్లు ఎక్కువగా గెలిచినవాళ్లే.

'అయితే మొహం నిజమే చెబుతోందిగా!' అనుకుంటాం. అక్కడే తిరకాసు. పిల్లలు కనిపెట్టింది ఓడ నడిపే సామర్థ్యాన్ని కాదు, పెద్దలు ఎలాంటి మొహానికి ఓటేస్తారన్న సంగతిని. చూసినవాళ్లందరూ ఒకే మాట అనొచ్చు. అందరూ ఒకే మాట అన్నంత మాత్రాన అది నిజమైపోదు కదా.

మొహాల్లో మనకేం కనిపిస్తోందో కూడా పరిశోధకులు విడదీసి చూశారు. పెదవి కొసలు సహజంగానే కాస్త పైకి ఉన్న మనిషి ఊరికే కూర్చున్నా నవ్వుతున్నట్టే ఉంటాడు. వెంటనే 'నమ్మొచ్చు' అనిపిస్తుంది. కనుబొమలు కిందికి దిగి, ఎముక ముందుకొచ్చినవాడు కోపంగా ఉన్నట్టు తోస్తాడు. వాడికి 'దురుసు మనిషి' అన్న పేరు ఖాయం. పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలున్నవాళ్లు పసిమొహంలా కనిపిస్తారు కాబట్టి అమాయకులైపోతారు. పుట్టుకతో వచ్చిన ఎముకల అమరికను అప్పటికప్పుడు పుట్టిన భావంగా పొరబడుతున్నామన్నమాట. మరో సంగతి... 2014లో తొదొరోవ్, జెన్నీ పోర్టర్ ఒకే మనిషివి వేర్వేరు ఫొటోలు చూపిస్తే మార్కులు ఫొటో ఫొటోకూ మారిపోయాయి. మొహం అదే, మనిషీ అతనే. వెలుతురు, తల వంపు, ఆ క్షణపు చూపు మారాయంతే.

పూర్తిగా కొట్టిపారేయడమూ సరికాదు. మనిషి నలుగురితో కలిసేవాడా కాదా అన్నది నిలువెత్తు ఫొటో చూసి కొంతవరకు చెప్పగలుగుతున్నారని పరిశోధనల్లో తేలింది. అయితే ఆ కాస్త ఆచూకీ దొరుకుతున్నది ముక్కు, దవడల నుంచి కాదు. నవ్విన తీరు, నిలబడ్డ పద్ధతి, కట్టిన బట్ట నుంచే. వీటిని మనిషి తానే ఎంచుకుంటాడు కాబట్టి వాటిలో అతని స్వభావం కొంత కనిపిస్తుంది. ముక్కునెవరూ ఎంచుకోలేదు!

ముక్కంటే గుర్తొచ్చే కథ ఒకటుంది. 1831లో 'బీగిల్' ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ ఓ కుర్రాణ్ణి తన వెంట తీసుకెళ్లడానికి వెనకాడాడు. ఆ ముక్కు ఆకారమున్నవాడికి అంత దూరం ప్రయాణించే పట్టుదల ఉండదని ఆయన అనుమానం. ఆ కుర్రాడు చార్లెస్ డార్విన్. ఈ సంగతి ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు.

సోది చెప్పేవారి పుట్టుకే నేరమైంది!

మన దగ్గర ఈ విద్యకు 'సాముద్రికం' అని పేరు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి 'బృహత్సంహిత'లో పురుష లక్షణాలకూ, స్త్రీ లక్షణాలకూ విడివిడిగా అధ్యాయాలే ఉన్నాయి. అది చదువుకున్నవారి శాస్త్రం. ఊళ్లో జనానికి తెలిసిన విద్య వేరు. అది ఎరుకలసాని చెప్పే సోది.

చేతిలో కర్ర, చంకన బుట్ట. అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం పోయించుకుని, ఇంటి ఇల్లాలి చేయి పట్టుకుంటుంది. చూపు మాత్రం చేతి మీద ఉండదు, మొహం మీదే! 'ఇంట్లో ఒకరి గురించి దిగులు పెట్టుకున్నావు తల్లీ' అంటుంది. ఎదుటి మొహం వాడితే ఆ దారిన ముందుకెళుతుంది. కదలకపోతే మాట మార్చేస్తుంది. ఆమె చదివేది ముక్కునూ నుదుటినీ కాదు, మాట పడగానే మారే కవళికల్ని. బెంగళూరుకు వచ్చే సరిహద్దు పల్లెల్లో ఈ సోదిని ఎరుగని ఇల్లుండదు. ఇటు కన్నడంలో ఆమే 'కొరవంజి', ఆమె చెప్పేది 'కణి'. యక్షగానాల్లోకీ ఎక్కిన పాత్ర ఆమెది.

ఎదుటివారి మొహం చదివి బతికిన ఈ జాతి మొహం మీదే తెల్లదొరలు 'నేరస్థులు' అని రాసిపెట్టడం చరిత్రలో ఓ విషాదం.

1885 నుంచి మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఉన్న ఎడ్గార్ థర్స్టన్‌కు మనుషుల్ని కొలవడమంటే పిచ్చి. తల వెడల్పు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు... అన్నిటికీ పనిముట్లు పట్టుకుని దక్షిణ దేశమంతా తిరిగాడు. మద్రాసు పోలీసులకూ ఈ కొలతల పాఠాలు చెప్పాడు. కె.రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన ఆయన గ్రంథం ఇప్పటికీ పరిశోధకులకు ఆధారమే. దాని తొలి పుటల్లో తన తిరుగుళ్లలో ఎదురైన తమాషాలు రాసుకున్నాడు. ఆయనకు తమాషాగా తోచిన వాటిలో అవతలివారి భయం కనిపిస్తుంది. వయనాడులో పణియ స్త్రీలు తమలో బాగున్నవాళ్లను ఏరి మ్యూజియంలో బొమ్మల్లా కూరి పెడతాడని హడలిపోయారు. నీలగిరుల్లో ఎప్పుడో చేసిన చిన్న నేరానికి పోలీసులు వెతుకుతున్న ఓ ఇరుళ మనిషి, ఎత్తు కొలిచే కర్రను చూసి ఉరికంబమనుకుని దగ్గరికి రానన్నాడు.

మనవాళ్ల సంగతీ ఉంది. కోయంబత్తూరులో ఒడ్డెర్ల దగ్గరికి వెళ్లాడు థర్స్టన్. తెలుగు మాట్లాడే కష్టజీవులు, రాయి కొట్టేవారు, మట్టి తవ్వేవారు. వారి పేర్ల వెనక 'బోయన్' అని బిరుదు ఉంటుంది. అప్పుడే దక్షిణాఫ్రికాలో బోయర్లతో ఇంగ్లీషువారి యుద్ధం ముగిసింది. చచ్చిపోయిన బోయర్ల స్థానంలో తమను ఓడెక్కించి పంపేస్తారని వాళ్లకు అనుమానం వచ్చింది. కొలతలకు రానే రామన్నారు. ఆయన దిష్టి తగులుతుందని, ఊరు వదిలి వెళ్లేదాకా కొత్త ఇటుక బట్టీ కూడా అంటించలేదు! నవ్వొచ్చే కథే. కానీ కొలతలు రాసుకుని వెళ్లినవాడి వెనక సర్కారు ఉంటుందని వాళ్లు ఊహించినది తప్పేం కాదు.

1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికీ విస్తరించారు. ఒక కులంలో పుట్టడమే నేరస్వభావానికి రుజువు. పేరు రిజిస్టరులో ఎక్కాలి, వేలిముద్రలివ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి. ఎరుకలవారిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిందే. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఇటు కర్ణాటకలో, అప్పటి బొంబాయి రాజధానిలో ఉన్న హుబ్లీలోనూ అలాంటిదే వెలిసింది. ఆ పేట పేరు నేటికీ 'సెటిల్‌మెంట్'.

ఇంతకీ వాళ్ల అసలు వృత్తేమిటి? 2001లో వచ్చిన పుస్తకంలో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ దీన్ని తవ్వి తీశారు. పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు చేరవేసే వ్యాపారులు వాళ్లు. సర్కారు ఉప్పు విధానం మారింది, రైళ్లు వచ్చాయి, బతుకుతెరువు పోయింది. తెరువు పోయి తిరుగుతున్నవారిని చూసి 'తిరగడం వీళ్ల రక్తంలోనే ఉంది' అన్నారు. చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. ఆ జాతుల వారు ఈ తేదీనే విముక్తి దినంగా జరుపుకొంటున్నారు. పోలీసు స్టేషన్‌లో, సినిమా కథలో స్టువర్టుపురం పేరు మీద పడ్డ ముద్ర మాత్రం ఆ తర్వాతా చాలాకాలం చెరగలేదు.

సరిహద్దు దాటి వచ్చినవారికి మరో వింత కూడా ఎదురవుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఎరుకలవారు ఎస్టీలు. వారి బంధువర్గమేనని చెప్పే కొరచ, కొరమలు కర్ణాటకలో ఎస్సీల జాబితాలో ఉన్నారు. ముళబాగిలు దాటితే సర్టిఫికెట్ మారిపోతుంది!

థర్స్టన్ కొలతల వెనకున్న ఆలోచనకు ఐరోపాలో గురువు ఇటలీ వైద్యుడు లొంబ్రోసో. నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడని, దవడ, చెవి, నుదురు చూసి పట్టేయొచ్చని 1876లో పుస్తకం రాశాడు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ మూడు వేల మందికి పైగా ఖైదీల్ని కొలిపించి, లెక్కలు కట్టి, నేరానికంటూ ప్రత్యేకంగా ఓ మొహం లేదని 1913లో తేల్చాడు. సరిగ్గా స్టువర్టుపురం లాంటివి మొదలవుతున్న రోజులవి. శాస్త్రం వద్దన్నాక కూడా సర్కారు నలభై ఏళ్లు ఆ దారినే నడిచింది.

కోర్టులు మాత్రం మొహాలకు అతీతమా? అమెరికాలోని ఫ్లోరిడాలో హత్య కేసుల్లో శిక్షపడ్డవారి ఫొటోలను జాన్ పాల్ విల్సన్, నికొలస్ రూల్ కొత్తవారికి చూపించి నమ్మకానికి మార్కులేయించారు. తక్కువ మార్కులొచ్చిన మొహాలకు యావజ్జీవం కన్నా మరణశిక్ష ఎక్కువగా పడి ఉంది. ఆ తర్వాత నిర్దోషులని విడుదలైనవారిలోనూ అదే తేడా. 2015లో వచ్చిందీ పరిశోధన.

నిమ్హాన్స్‌లో చదివే మొహాలు వేరు

హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చే రోగులు కొత్త కాదు. అక్కడి వైద్యులూ మొహాలు చదవడం మీద పనిచేశారు. కాకపోతే వారి ప్రశ్న వేరు. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి ఎదుటివారి కోపమూ, భయమూ మొహంలో గుర్తుపట్టడం కష్టమవుతుంది. భార్య విసుక్కుంటోందో, బెంగపడుతోందో తెలియకపోతే సంసారం ఎలా సాగుతుంది? దీన్ని కొలవడానికి విదేశీ ఫొటోలే ఆధారంగా ఉండేవి. వాటికి బదులు మన నటులతో సంతోషం, దుఃఖం, భయం, కోపం, ఆశ్చర్యం, ఏవగింపు పలికించి ఫొటోలు, వీడియో ముక్కలతో ఓ పరీక్షను నిమ్హాన్స్ పరిశోధకులు 2008లో ప్రకటించారు. దాని పేరు 'ట్రెండ్స్'.

ఇందులో తేలాల్సింది ఈ క్షణపు భావమే, మనిషి రకం కాదు. ఎరుకలసాని చదివేదీ అదే. ఆ భావం విషయంలోనూ శాస్త్రవేత్తలు ఇప్పుడు కాస్త వెనక్కి తగ్గి మాట్లాడుతున్నారు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ తదితరులు 2019లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని తిరగేసి, మొహం ముడుచుకున్నంత మాత్రాన కోపమని నిర్ధారించలేమన్నారు. కోపమొచ్చిన ప్రతివాడూ నొసలు ముడవడు. లెక్క కుదరకపోయినా నొసలు ముడిపడుతుంది.

మనసులోకి తొంగిచూసే యంత్రాల గొడవలో బెంగళూరుకు మరో చరిత్ర ఉంది. 2000ల మొదట్లో నార్కో పరీక్షలంటే దేశమంతా ఇక్కడి ఫోరెన్సిక్ ల్యాబ్ పేరే చెప్పుకొనేవారు. ఆ వ్యవహారం సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్... వేటినైనా మనిషి ఇష్టం లేకుండా చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2010 మే 5న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది.

యంత్రానికి కళ్లజోడు నచ్చలేదు

కెంపేగౌడ విమానాశ్రయంలో 2022 డిసెంబరు నుంచి 'డిజియాత్ర' ఉంది. కెమెరా ముందు నిలబడితే గేటు తెరుచుకుంటుంది. ఆ యంత్రం అడిగేది 'నువ్వెవరు?' అని. అంతవరకే. 'నువ్వెలాంటివాడివి?' అని అడిగే యంత్రాలు ఉద్యోగాల దగ్గర బయల్దేరాయి. వీడియో ఇంటర్వ్యూలో అభ్యర్థి మాట్లాడుతుంటే మొహం కదలికల్ని పట్టి క్రమశిక్షణ ఎంత, కలుపుగోలుతనం ఎంత అని అంకెలు వేయడం వాటి పని.

జర్మనీలో బవేరియా ప్రజా ప్రసార సంస్థ విలేకరులు 2021లో అలాంటి ఓ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షకు పెట్టారు. ఒకే నటి, అవే మాటలు. కళ్లజోడు పెట్టుకుంటే స్వభావం మారిపోయింది! తలకు గుడ్డ కట్టుకుంటే ఇంకోలా మారింది. వెనక పుస్తకాల బీరువా కనిపించేలా పెడితే మార్కులు మళ్లీ మారాయి. టులెట్ బోర్డు దగ్గర విభూతిని చూసిన యజమానికీ దీనికీ తేడా ఏముంది? ఆయన్నయితే కనీసం బతిమాలుకోవచ్చు.

మన రంగు మొహాలకు ఇంకో చిక్కు ఉంది. జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రు 2018లో కొన్ని పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. మొహం చూసి ఆడా మగా చెప్పడమే పని. తెల్లటి మగవారి విషయంలో తప్పులు గరిష్ఠంగా 0.8 శాతం. నల్లటి ఆడవారి విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. ఆడమనిషినే సరిగా పోల్చుకోలేనిది ఆమె నిజాయతీని తూస్తానంటే ఎలా?

ఇలాంటి సేవలందించే అమెరికా కంపెనీ హైర్‌వ్యూ మొహం విశ్లేషణను ఆపేసినట్టు 2021లో ప్రకటించింది. ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం కింద పని చోట, బడుల్లో మనుషుల భావాలను యంత్రంతో ఊహించడం 2025 ఫిబ్రవరి నుంచి నిషిద్ధం. వైద్యం, భద్రత అవసరాలకే మినహాయింపు. మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టం చేశారు. మొహాన్ని బట్టి స్వభావానికి అంకెలేయడాన్ని పేరుపెట్టి ఆపే మాట అందులో లేదు.

మరి ఉద్యోగానికి మనిషిని ఎంచుకునేదెలా? దారి తెలియనిదేం కాదు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో వేయడం. జవాబులకు ముందే రాసిపెట్టుకున్న కొలబద్దతో మార్కులేయడం. చేయబోయే పనిలోంచే ఓ ముక్క ఇచ్చి చేయించడం. ఉబుసుపోక కబుర్లలా సాగే ఇంటర్వ్యూ కన్నా ఈ పద్ధతులే మేలని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. ఇందులో చమత్కారమేం లేదు, కాస్త ఓపిక కావాలి. అందుకేనేమో దీనికన్నా మొహం చదివే యంత్రానికే గిరాకీ!

అభ్యర్థుల వైపు నుంచి చేయగలిగింది కొద్దే. వీడియో ఇంటర్వ్యూకు పిలుపొస్తే మార్కులేసేది మనిషా, యంత్రమా అని మెయిల్లో ముందే అడగొచ్చు. అమెరికాలోని ఇల్లినాయిలో 2020 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారమైతే కంపెనీలే ఆ సంగతి చెప్పి అభ్యర్థి అనుమతి తీసుకోవాలి. ఇక మిగిలినవి చిన్న జాగ్రత్తలు. వెలుతురు మొహం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోవడం, ఫోన్ కెమెరా కంటి ఎత్తులో పెట్టుకోవడం. వెనక పుస్తకాల బీరువా అంటారా... బీటీఎం లేఅవుట్ పీజీలో ముగ్గురుండే గదిలో అదెక్కడి నుంచి వస్తుంది? ఉన్నది ఇనుప మంచం, తాడు మీద ఆరేసిన తువ్వాలు.